నో-కోడ్ అనుసంధానం: డేటాబేస్ నుంచి క్లౌడ్ డేటా వేర్‌హౌస్‌కు

రోజువారీ లావాదేవీలు నమోదయ్యే డేటాబేస్‌ను, ఏళ్ల సమాచారాన్ని విశ్లేషణ కోసం దాచే క్లౌడ్ డేటా వేర్‌హౌస్‌ను ప్రోగ్రామ్ రాయకుండా కలిపే పద్ధతిని నో-కోడ్ అనుసంధానం అంటారు. ఇందులో వినియోగదారు తెర మీద మూలాన్ని, గమ్యాన్ని, షరతులను ఎంచుకుంటాడు. ఎంచుకున్న సమయానికి, లేదా కొత్త నమోదు పడగానే, సమాచారం దానంతట అదే ఒకచోటి నుంచి మరొకచోటికి చేరుతుంది. పదేళ్ల కిందటి వరకు పెద్ద సంస్థల ఇంజినీర్ల చేతిలోనే ఉన్న ఈ పని ఇప్పుడు చిన్న వ్యాపారులకు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు, స్థానిక కార్యాలయాలకు అందుబాటులోకి వచ్చింది.

ఈ వ్యాసం ఆ పద్ధతి పుట్టుక, పని తీరు, మేలు, హద్దులను పరిచయం చేస్తుంది. ఉదాహరణలకు తిరుపతి–చెన్నై జాతీయ రహదారి మీది వడమాలపేట మండలాన్ని, అది ఒకప్పుడు భాగమైన ఉమ్మడి చిత్తూరు జిల్లాను తీసుకుంటుంది. జిల్లా మారిన మండలం, తోతాపురి మామిడి లెక్కలు, టోల్‌ప్లాజా, పక్కనే రేణిగుంటలో సాఫ్ట్‌వేర్ కార్యాలయం ఉన్న ఈ ప్రాంతంలో విషయానికి కావలసిన పాఠాలన్నీ దొరుకుతాయి.

రెండు వ్యవస్థలు, రెండు పనులు

పాత కోమటి కొట్టులో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. జరిగిన బేరం జరిగినట్టు వెంటనే చిట్టాలోకి ఎక్కేది. తర్వాత తీరిగ్గా, ఎవరి ఖాతా వారిదిగా ఆవర్జాలోకి మారేది. డేటాబేస్‌కు, డేటా వేర్‌హౌస్‌కు ఉన్న సంబంధం అలాంటిదే.

ఈ తేడా వడమాలపేట మండలంలోని ఎస్వీ పురం టోల్‌ప్లాజా దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. వాహనం లేన్‌లోకి రాగానే యంత్రం ఫాస్టాగ్‌ను చదువుతుంది. టోల్‌ప్లాజా తరఫు బ్యాంకు, జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ నడిపే వ్యవస్థ, ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని సొమ్ము జమ చేసుకుంటాయి. ఇక్కడ కావలసింది ఒక్క వాహనానికి సంబంధించిన ఒక్క వరుస, అదీ తక్షణం. ఇది లావాదేవీల డేటాబేస్ పని. "గత మూడేళ్లలో శనివారం రాత్రుళ్లు తిరుపతి వైపు వెళ్లిన బస్సులెన్ని?" అనే ప్రశ్న వేరు. దానికి లక్షల వరుసలు వెతకాలి, కానీ జవాబు నిమిషం ఆలస్యమైనా నష్టం లేదు. ఇది డేటా వేర్‌హౌస్ పని.

రెండో ప్రశ్నను మొదటి వ్యవస్థను అడిగితే, ఆ వెతుకులాట ముగిసేదాకా లేన్‌లో వాహనాలు నిలిచిపోయే ప్రమాదం ఉంది. అందుకే రెండింటినీ వేరు చేశారు. వేరు చేయగానే వాటిని కలిపే దారి అవసరమైంది.

లోపలి అమరిక కూడా వేరు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్ వంటి డేటాబేస్‌లు ఒక నమోదులోని వివరాలన్నింటినీ పక్కపక్కనే ఒకే వరుసగా దాస్తాయి. బిగ్‌క్వెరీ, స్నోఫ్లేక్, రెడ్‌షిఫ్ట్ వంటి వేర్‌హౌస్‌లు కాలమ్‌ల వారీగా దాస్తాయి. బరువుల మొత్తం కావాలంటే బరువు కాలమ్ ఒక్కటే చదివితే చాలు, మిగతా ఇరవై కాలమ్‌లను ముట్టుకోనక్కరలేదు. ఒకే రకం విలువలు పక్కపక్కనే ఉండటంతో అవి బాగా కుదించుకుపోతాయి కూడా.

చరిత్ర

పట్టికల రూపంలో సమాచారాన్ని దాచే రిలేషనల్ నమూనాను ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించాడు. 1974లో ఐబీఎంలోనే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ రూపొందించిన ప్రశ్నల భాష తర్వాత ఎస్‌క్యూఎల్‌గా స్థిరపడింది. 1988లో బారీ డెవ్లిన్, పాల్ మర్ఫీ విశ్లేషణకు ప్రత్యేక నిల్వ అవసరమని వ్యాసం రాశారు. 1992లో బిల్ ఇన్మన్, 1996లో రాల్ఫ్ కింబాల్ రాసిన పుస్తకాలు డేటా వేర్‌హౌస్ నిర్మాణానికి పునాది గ్రంథాలయ్యాయి. 1993లో మొదలైన ఇన్ఫర్మాటికా వంటి సంస్థలు మూలం నుంచి సమాచారం తీసి, మార్చి, వేర్‌హౌస్‌లో ఎక్కించే పనిముట్లను అమ్మాయి. తీయడం, మార్చడం, ఎక్కించడం అనే ఈ మూడు అంచెల క్రమానికి ఈటీఎల్ అని పేరు.

క్లౌడ్ ఈ లెక్కను మార్చింది. గూగుల్ 2010లో బిగ్‌క్వెరీని, అమెజాన్ 2012లో రెడ్‌షిఫ్ట్‌ను ప్రకటించాయి. 2012లోనే స్నోఫ్లేక్ సంస్థ పుట్టింది. సొంత సర్వర్లు కొనకుండా, వాడుకున్నంతకు డబ్బు కట్టే వీలు కలిగింది. నిల్వ చవక కావడంతో, ముందు మార్చి తర్వాత ఎక్కించే పద్ధతి తగ్గి, ముడి సమాచారాన్ని ముందే ఎక్కించి లోపల మార్చుకునే ఈఎల్‌టీ పద్ధతి వచ్చింది. నో-కోడ్ పనిముట్లకు ఈ మార్పే దారి వేసింది. తీసి ఎక్కించే పని అందరికీ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి దాన్ని ముందే తయారుచేసి అమ్మవచ్చు.

ప్రోగ్రామర్లు లేకుండా అప్లికేషన్లు తయారవ్వాలన్న ఆలోచన పాతది. జేమ్స్ మార్టిన్ 1980ల మొదట్లోనే దాని మీద పుస్తకం రాశాడు. ఫారెస్టర్ సంస్థ విశ్లేషకులు 2014లో లో-కోడ్ అనే పేరును వాడుకలోకి తెచ్చారు. అనుసంధాన రంగంలో 2011లో జేపియర్, 2012లో ఫైవ్‌ట్రాన్, 2019లో ఎన్‌8ఎన్, 2020లో ఎయిర్‌బైట్ వచ్చాయి. మన దేశంలో 2017లో మొదలైన హెవో డేటా బెంగళూరు కేంద్రంగా ఇదే పని చేస్తోంది. చెన్నైకి చెందిన జోహో సంస్థ జోహో ఫ్లో, జోహో డేటాప్రెప్, జోహో అనలిటిక్స్ అనే పనిముట్లను అందిస్తోంది. పల్లెలకు దగ్గరగా కార్యాలయాలు పెట్టే ఆ సంస్థకు వడమాలపేటకు పొరుగునే ఉన్న రేణిగుంటలోనూ కార్యాలయం ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో అనుసంధానం

విడివిడి శాఖల డేటాబేస్‌లను కలపడంలో ఆంధ్రప్రదేశ్‌కు పాతికేళ్లకు పైబడిన అనుభవం ఉంది. 1998లో రిజిస్ట్రేషన్ల శాఖ కార్డ్ పేరుతో కంప్యూటర్ నమోదుకు మారింది. 2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ కేంద్రాలు మొదలయ్యాయి. 2011 నవంబర్ 4న మీసేవ ప్రారంభమైంది. దానికి తొలి వేదిక ఉమ్మడి చిత్తూరు జిల్లానే. అప్పటికి వడమాలపేట ఆ జిల్లాలోని మండలం.

కంప్యూటర్ నుంచి కాగితం వచ్చే ఏర్పాటు మీసేవకు ముందే ఉంది. శాఖల రికార్డులను డిజిటల్ సంతకంతో కేంద్ర డేటాబేస్‌లో ఉంచి, రాష్ట్ర డేటా సెంటర్, రాష్ట్రవ్యాప్త నెట్‌వర్క్, గ్రామంలోని సేవాకేంద్రం మూడింటినీ ఒకే దారిలో పెట్టడం దాని కొత్తదనం. పౌరుడు ఏ శాఖ గడపా తొక్కకుండానే ఆ శాఖ రికార్డు అతని చేతికి వచ్చింది. 2015లో మీభూమి పోర్టల్ భూమి రికార్డులను ఎవరైనా చూసే వీలు కల్పించింది. 2017లో రియల్‌టైమ్ గవర్నెన్స్ సొసైటీ ఏర్పడింది. 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా సేవలందించే మనమిత్ర 161 సేవలతో ప్రారంభమైంది. శాఖల సమాచారాన్నంతా ఒకచోట చేర్చే డేటా లేక్ పనినీ ప్రభుత్వం చేపట్టింది.

ఇవి నిపుణులు కోడ్ రాసి కట్టిన వ్యవస్థలు. వీటి వెనుక ఉన్న సమస్యలే చిన్న సంస్థకూ ఎదురవుతాయి. రెండు పట్టికల్లో ఒకే మనిషిని ఎలా గుర్తించాలి? ఒకచోట మారింది రెండోచోట ఎప్పుడు మారాలి? తేడా వస్తే దేన్ని నమ్మాలి? నో-కోడ్ పనిముట్టు కోడ్ భారాన్ని తీసేస్తుంది. ఈ మూడు ప్రశ్నలను మాత్రం వాడేవాడికే వదిలేస్తుంది.

పని తీరు

ప్రతి నో-కోడ్ అనుసంధానంలోనూ నాలుగు భాగాలుంటాయి. మొదటిది కనెక్టర్. ఫలానా డేటాబేస్‌తో, ఫలానా వేర్‌హౌస్‌తో ఎలా మాట్లాడాలో తెలిసిన ముందే తయారైన భాగం ఇది. రెండోది ట్రిగ్గర్, అంటే పని ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే షరతు. మూడోది మ్యాపింగ్. ఇక్కడి ఏ కాలమ్ అక్కడి ఏ కాలమ్‌లోకి, ఏ రూపంలో వెళ్లాలో ఇందులో చెబుతాం. నాలుగోది యాక్షన్, అంటే గమ్యంలో చేయాల్సిన పని: కొత్త వరుస చేర్చడం, ఉన్నదాన్ని సవరించడం వంటివి.

మూలంలో మార్పును పసిగట్టడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది, నిర్ణీత వ్యవధిలో డేటాబేస్‌ను అడిగి తెలుసుకోవడం. ప్రతి వరుసలో చివరిసారి సవరించిన సమయం ఉంటే, గతసారి చూసిన తర్వాత మారినవాటినే తెచ్చుకోవచ్చు. ఏర్పాటు సులువు. కానీ మూలంలో తొలగించిన వరుస ఈ పద్ధతికి కనిపించదు. డేటాబేస్‌లో రద్దయిన బిల్లు వేర్‌హౌస్‌లో బతికే ఉంటుంది.

రెండోది వెబ్‌హుక్. మార్పు జరగగానే అప్లికేషనే స్వయంగా కబురు పంపుతుంది. వేగంగా పనిచేస్తుంది గానీ, కబురు అందుకోవాల్సిన వ్యవస్థ ఆ క్షణంలో పనిచేయకపోతే అది పోయే ప్రమాదం ఉంది.

మూడోది మార్పుల చిట్టాను చదవడం, సాంకేతికంగా సీడీసీ. డేటాబేస్‌లు ప్రతి మార్పునూ ముందు ఒక లాగ్‌లో రాసుకుని, తర్వాతే అసలు పట్టికలను తాకుతాయి. కరెంటు పోయినా నమోదు పోకుండా కాపాడేది ఆ లాగే. ఐఐటీ మద్రాసులో చదివి ఐబీఎంలో పనిచేసిన సి. మోహన్, ఆయన సహచరులు 1992లో ప్రచురించిన ఏరీస్ విధానం ఈ రంగంలో మైలురాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 2014లో వచ్చిన 9.4 వెర్షన్ నుంచి తన లాగ్‌ను బయటి పనిముట్లు చదివి అర్థం చేసుకునే వీలు కల్పించింది. ఈ దారిలో చేర్పు, మార్పు, తొలగింపు మూడూ దొరుకుతాయి, పట్టికల మీద అదనపు భారమూ తక్కువ. ఏర్పాటుకు మాత్రం డేటాబేస్ నిర్వాహకుడి సాయం కావాలి.

వ్యతిరేక దిశలోనూ ప్రయాణం ఉంటుంది. వేర్‌హౌస్‌లో తేలిన ఫలితాన్ని, ఉదాహరణకు ఏ రైతుకు ఎంత బకాయి ఉందన్న లెక్కను, తిరిగి రోజువారీ డేటాబేస్‌లోకి పంపడాన్ని రివర్స్ ఈటీఎల్ అంటారు.

ఒక నమూనా: తోతాపురి కొనుగోళ్లు

2025 వేసవిలో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు రైతుకు అందేలా నిర్ణయం తీసుకుంది. అందులో 8 రూపాయలు గుజ్జు పరిశ్రమలు, 4 రూపాయలు ప్రభుత్వం భరించాలి. కేంద్రం కూడా మార్కెట్ జోక్య పథకం కింద 1,62,500 టన్నులకు ఆమోదం తెలిపింది. ఇలాంటి చెల్లింపు సరిగ్గా జరగాలంటే తూకం చీటీ, రైతు పంట నమోదు, బ్యాంకు ఖాతా అనే మూడు వివరాలు ఒకే మనిషి దగ్గర కలవాలి. అనుసంధానం విలువ తెలియడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ ఉండదు.

ఈ ప్రాంతంలో రైతుల నుంచి కాయలు తూచి కొనే ఒక మామిడి ర్యాంపును నమూనాగా ఊహించుకుందాం. కాటా దగ్గర ప్రతి లోడుకు ఒక తూకం చీటీ తయారవుతుంది. చీటీ నంబరు, రైతు సంకేతం, కాయ రకం, బరువు, ధర, సమయం పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌లో చేరతాయి. యజమానికి రోజువారీ, గ్రామాల వారీ, ఏడాది వారీ లెక్కలు బిగ్‌క్వెరీలో కావాలి.

మొదటి అడుగుగా, డేటాబేస్‌లో చదవడానికి మాత్రమే అధికారమున్న ప్రత్యేక ఖాతా తెరవాలి. అనుసంధాన పనిముట్టుకు రాసే అధికారం అవసరం లేనప్పుడు ఇవ్వకూడదు. తర్వాత పాత చీటీలన్నీ ఒకసారి మొత్తంగా పంపి, ఆపై కొత్తవి, మారినవి మాత్రమే పదిహేను నిమిషాలకోసారి పంపేలా షరతు పెట్టాలి. వచ్చిన వరుసలు నేరుగా అసలు పట్టికలోకి కాక ముందు ఒక తాత్కాలిక పట్టికలో దిగాలి. అక్కడి నుంచి చీటీ నంబరు ఆధారంగా, ఉంటే సవరించి లేకపోతే చేర్చే మెర్జ్ ఆదేశంతో అసలు పట్టికలో కలపాలి.

చివరి మెట్టు చాలా ముఖ్యమైనది. వేర్‌హౌస్‌లలో ప్రతి వరుసను విడిగా గుర్తించే ప్రైమరీ కీని ప్రకటించవచ్చు గానీ, బిగ్‌క్వెరీ, రెడ్‌షిఫ్ట్, స్నోఫ్లేక్‌లు తమ మామూలు పట్టికల్లో దాన్ని అమలు చేయవు. అదే చీటీ రెండోసారి వచ్చినా అడ్డుకోకుండా తీసుకుంటాయి. నెట్ ఆగి పనిముట్టు మళ్లీ ప్రయత్నించినప్పుడు ఇది సులువుగా జరుగుతుంది. పది టన్నుల లోడు చీటీ ఒక్కటి రెండుసార్లు పడితే, కిలోకు 4 రూపాయల చొప్పున 40,000 రూపాయలు అదనంగా లెక్కలోకి వస్తాయి. ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకేలా ఉండేట్టు దారి కట్టడం అనుసంధానంలో మొదటి నియమం.

తప్పులు దొర్లే చోట్లు

సమయం. చాలా క్లౌడ్ వ్యవస్థలు ప్రపంచ సమన్వయ కాలమైన యూటీసీలో లెక్క రాసుకుంటాయి. అది భారత కాలమానానికి అయిదున్నర గంటలు వెనుక. తెల్లవారుజామున 5 గంటలకు కాటా ఎక్కిన లోడు యూటీసీలో ముందురోజు రాత్రి 11:30కు పడుతుంది. ధర రోజురోజుకూ మారే సీజన్‌లో ఆ లోడుకు నిన్నటి ధర అంటుకుంటుంది. విశ్లేషణకు ముందు భారత కాలమానానికి మార్చే మెట్టు తప్పనిసరి.

కొలత. ఒక ర్యాంపు కిలోల్లో, మరొకటి క్వింటాళ్లలో, ఫ్యాక్టరీ టన్నుల్లో రాసుకుంటే కాలమ్ పేరు మూడుచోట్లా బరువే. పనిముట్టుకు అవన్నీ సంఖ్యలుగానే కనిపిస్తాయి. క్వింటాళ్లను కిలోలనుకుంటే లెక్క వంద రెట్లు తప్పుతుంది. కొలత ఏమిటో కాలమ్ పేరులోనే రాసుకోవడం మంచి అలవాటు.

లిపి. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడతాయి. వడమాలపేట అనే పేరులో గుణింతపు గుర్తులతో కలిపి 8 సంకేతాలున్నాయి, అంటే 24 బైట్లు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 20 పొడవున్న కాలమ్‌లో ఈ పేరు హాయిగా పడుతుంది, ఎందుకంటే అది సంకేతాలను లెక్కిస్తుంది. రెడ్‌షిఫ్ట్ బైట్లను లెక్కిస్తుంది కాబట్టి, అదే పొడవున్న కాలమ్‌లో పట్టదు. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించి సవ్యంగా ఉందనుకున్న దారి, తెలుగు పేరు రాగానే ఆగిపోవడానికి ఇదొక కారణం. తెలుగు సమాచారంతో పనిచేసేవారు కాలమ్ పొడవును మూడు రెట్లకు పెంచుకోవాలి.

పేర్లు. ఒకే ఊరు వడమాలపేట, వడమాల పేట, వడమాలపేట్ అని మూడు రకాలుగా నమోదైతే కంప్యూటర్‌కు అవి మూడు ఊళ్లు. రైతు ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. అందుకే పేరును గుర్తుగా వాడకూడదు. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ ప్రతి గ్రామానికి, మండలానికి, జిల్లాకు ఒక సంకేత సంఖ్య ఇస్తుంది. ఊళ్లను దాంతో, రైతులను సంస్థ ఇచ్చే సొంత సంఖ్యతో కలపడం మేలు.

కాలమ్‌ల మార్పు. మూలంలో ఎవరో ఒక కాలమ్ పేరు మార్చినా, కొత్తది చేర్చినా అనుసంధానం ఆగిపోవచ్చు. ఆగకపోతే ఇంకా ప్రమాదం: ఖాళీలు నిశ్శబ్దంగా చేరుతూ పోతాయి. డేటాబేస్‌ను మార్చేవారికి, వేర్‌హౌస్ వాడేవారికి మధ్య ముందస్తు కబురు ఉండాలి.

జిల్లా మారిన మండలం

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. వడమాలపేట మండలం చిత్తూరు జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మండలం ఉన్న నగరి అసెంబ్లీ నియోజకవర్గంలో పుత్తూరు, వడమాలపేట తిరుపతి జిల్లాకు పోగా, నగరి, నిండ్ర, విజయపురం చిత్తూరులో ఉండిపోయాయి. పాలనలో ఇది ఒక ఉత్తర్వుతో అయిపోయిన మార్పు. డేటా వేర్‌హౌస్‌కు మాత్రం ఇది అసలు పరీక్ష.

డేటాబేస్‌కు ఇప్పటి చిరునామా చాలు. జిల్లా అన్నచోట చిత్తూరు తీసేసి తిరుపతి రాస్తే దాని పని సాగిపోతుంది. నో-కోడ్ పనిముట్టు కూడా మామూలుగా అదే మార్పును వేర్‌హౌస్‌లోకి మోసుకెళ్లి, పాత విలువను చెరిపేస్తుంది. అప్పుడు 2021లో జరిగిన అమ్మకాలు కూడా, ఆనాటికి పుట్టని తిరుపతి జిల్లా ఖాతాలో కనిపిస్తాయి. చిత్తూరు జిల్లా గత లెక్కలు చేయని తప్పుకు తగ్గిపోతాయి. పాత అచ్చు నివేదికకు, కొత్త తెర నివేదికకు పొంతన ఉండదు.

ఇలా నెమ్మదిగా మారే వివరాలను ఎలా దాచాలో రాల్ఫ్ కింబాల్ వర్గీకరించాడు. మొదటి రకంలో పాతదాన్ని చెరిపి కొత్తది రాస్తారు. రెండో రకంలో పాత వరుసకు చెల్లుబాటు ముగిసిన తేదీ వేసి, కొత్త వరుస చేరుస్తారు. ఈ పద్ధతిలో వడమాలపేటకు రెండు వరుసలుంటాయి: 2022 ఏప్రిల్ 3 వరకు చిత్తూరు, 4 నుంచి తిరుపతి. ఏ అమ్మకం ఏ తేదీన జరిగిందో చూసి సరైన వరుసతో కలుపుతారు. మూడో రకంలో ఒకే వరుసలో ఇప్పటి జిల్లా, పూర్వపు జిల్లా అని రెండు కాలమ్‌లు పెడతారు. అయిదేళ్ల పోలికలు ఇప్పటి సరిహద్దుల ప్రకారం కావాలంటే ఇది అనువైనది.

ఏ రకం మంచిదన్నది అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. సబ్సిడీ ఆడిట్‌కు ఆనాటి జిల్లా కావాలి. వచ్చే ఏడాది ప్రణాళికకు ఇప్పటి జిల్లా కావాలి. ఈ ఎంపిక ఏ బటన్‌లోనూ లేదు. ఊరు తెలిసినవాడు, లెక్క తెలిసినవాడు కూర్చుని తేల్చాలి. నో-కోడ్ పద్ధతి అసలు బలం ఇక్కడే కనిపిస్తుంది: కోడ్ రాయడానికి పోయే కాలం మిగిలి, ఆ కాలం ఈ ఆలోచనకు దక్కుతుంది.

ఖర్చు

పనిముట్ల ధరల పద్ధతులు ఒకదానితో ఒకటి పోలవు. జేపియర్ వంటివి పూర్తయిన ఒక్కో పనికి లెక్క కడతాయి. ఫైవ్‌ట్రాన్ వంటివి నెలలో కదిలిన వరుసలను లెక్కిస్తాయి. ఎన్‌8ఎన్, ఎయిర్‌బైట్‌లను సొంత సర్వర్‌లో నడుపుకునే వీలుంది. అప్పుడు చందా తగ్గి నిర్వహణ బాధ్యత పెరుగుతుంది. వేర్‌హౌస్ వైపు బిగ్‌క్వెరీ ప్రధానంగా ప్రశ్న కోసం చదివిన సమాచారం పరిమాణాన్ని, స్నోఫ్లేక్ కంప్యూటర్ నడిచిన సమయాన్ని లెక్కిస్తాయి.

రోజుకు 500 చీటీలు వచ్చే ర్యాంపులో ఒక్కో చీటీ మూడు మెట్లు దాటితే రోజుకు 1,500 పనులవుతాయి. అదే 500 చీటీలను ఒకే గుంపుగా కట్టి పంపితే పనుల సంఖ్య బాగా తగ్గుతుంది. కాలమ్‌ల వారీ నిల్వకు ఒక్కొక్క వరుసను విడివిడిగా చేర్చడం భారం కాబట్టి, గుంపుగా పంపడం వేర్‌హౌస్‌కూ మేలు. నిమిషం నిమిషానికి లెక్క నిజంగా ఎవరికి కావాలో ముందు అడగాలి. చాలా చిన్న సంస్థలకు గంటకోసారి, రాత్రికోసారి సరిపోతుంది.

భద్రత, చట్టం

అనుసంధాన పనిముట్టు చేతిలో రెండు వ్యవస్థల తాళాలూ ఉంటాయి. దాని ఖాతా ఒక్కటి పరులపాలైతే రెండు వైపులా తలుపులు తెరుచుకుంటాయి. అందుకే పాస్‌వర్డ్‌లను మ్యాపింగ్ పేజీలో రాయకుండా పనిముట్టు ఇచ్చే రహస్య భాండాగారంలో ఉంచాలి. డేటాబేస్‌ను బహిరంగ ఇంటర్నెట్‌కు తెరవకుండా, నిర్ణీత చిరునామాల నుంచి మాత్రమే రానివ్వాలి. రద్దీ ఉన్నచోట అసలు డేటాబేస్‌కు బదులు దాని నకలు ప్రతి నుంచి చదవాలి.

2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సేకరించిన సమాచారాన్ని చెప్పిన ప్రయోజనానికే వాడాలని, తగిన భద్రత కల్పించాలని నిర్దేశిస్తుంది. భద్రతా చర్యల్లో విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలుంది. దిగుబడి లెక్కలకు రైతు ఆధార్ సంఖ్యతో, బ్యాంకు ఖాతాతో పని లేదు. పని లేని కాలమ్‌ను మ్యాపింగ్‌లోనే వదిలేయడం అన్ని భద్రతల్లోకీ చవకైనది, గట్టిది.

సమాచారం దేశంలోనే ఉండాలనుకునేవారికి దారులు పెరిగాయి. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో క్లౌడ్ ప్రాంతాలను ప్రారంభించింది. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖపట్నంలో భారీ ఏఐ, డేటా సెంటర్ కేంద్రాన్ని ప్రకటించింది. వేర్‌హౌస్ తెరిచేటప్పుడే ప్రాంతాన్ని ఎంచుకోవాలి, తర్వాత మార్చడం కష్టం.

హద్దులు, రాబోయే మార్పులు

నో-కోడ్ పనిముట్లు అన్నిచోట్లా పనికిరావు. టోల్ లేన్‌లాగా క్షణాల్లో నిర్ణయం జరగాల్సిన చోట, వరుసలు కోట్లలో కదిలేచోట, లెక్కల నియమాలు మరీ చిక్కుగా ఉన్నచోట కోడ్ రాయడమే మేలు. ఒక్కో ఉద్యోగి తనకు తోచిన దారులు కట్టుకుంటూ పోతే, ఏది ఎక్కడికి వెళ్తోందో ఎవరికీ తెలియని పరిస్థితి వస్తుంది. కట్టినవాడు ఉద్యోగం మానేస్తే అతని పేరు మీది ఖాతాతో పాటు అనుసంధానమూ ఆగుతుంది. ప్రతి దారికీ సంస్థ పేరు మీద ఖాతా, ఒక బాధ్యుడు, ఒక పేజీ వివరణ ఉండాలి.

డేటాబేస్‌కు, వేర్‌హౌస్‌కు మధ్య గోడ కూడా పలచబడుతోంది. అమెజాన్ 2022లో తన అరోరా డేటాబేస్ నుంచి రెడ్‌షిఫ్ట్‌కు మధ్యలో వేరే పనిముట్టు లేకుండా సమాచారం చేరే ఏర్పాటును ప్రకటించింది. 2025లో విశ్లేషణ సంస్థలైన డేటాబ్రిక్స్, స్నోఫ్లేక్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మీద పనిచేసే నియాన్, క్రంచీ డేటా సంస్థలను కొనడానికి ముందుకొచ్చాయి. మామూలు భాషలో చెబితే దారి కట్టిపెట్టే ఏఐ సహాయకులూ వస్తున్నారు. దారులు కట్టడం రోజురోజుకూ సులువవుతుంది. దారిలో వెళ్తున్నది సరైనదో కాదో చూసే పని మాత్రం పెరుగుతుంది.

మొదలుపెట్టేవారికి

ఒక్క పట్టికతో మొదలుపెట్టాలి. చదివే అధికారం మాత్రమే ఇవ్వాలి. ప్రతి వరుసకు మారని గుర్తు సంఖ్య ఉందో లేదో ముందు చూడాలి. లేకపోతే అనుసంధానానికి ముందు అదే సరిచేయాలి. తెలుగు పేర్లతో, అర్ధరాత్రి దాటిన సమయాలతో, రద్దయిన బిల్లులతో పరీక్షించాలి. రోజూ రెండు వైపులా వరుసల సంఖ్యను, మొత్తం బరువును లేదా సొమ్మును పోల్చి చూసే చిన్న తనిఖీ పెట్టాలి. తేడా వస్తే కబురు ఒక మనిషి ఫోన్‌కు చేరాలి. ఈ తనిఖీ లేని అనుసంధానాన్ని చెల్లింపులకు ఆధారంగా తీసుకోకూడదు, ఎందుకంటే అక్కడ తప్పిన ప్రతి వరుస ఒక రైతు సొమ్ము.